ఉప్పు మీద పల్లెవెలుగు

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ ముచ్చట్లు కాసేపు కట్టిపెట్టండి. ఏయ్, ఆ ఫోను కూడా జేబులో పెట్టు. ఇది రెండువేల తొమ్మిది ఆగస్టులో, యూటా ఉప్పు మైదానం మీద జరిగిన సంగతి. అబద్ధమైతే ఆ ఉప్పంతా తెచ్చి నా నోట్లో పొయ్యండి.

"నీ క్రూ ఏదీ?" అన్నాడు డేల్. మోటార్ సైకిళ్ళ స్పీడు పోటీకి ఆయనే పెద్ద.

"నేనే," అన్నాడు చక్రపాణి.

"నువ్వు నడిపేవాడివి. మరి బైకు తోసేదెవరు? అయిదు మైళ్ళ అవతల ఆగాక నిన్ను వెనక్కి తెచ్చేదెవరు?"

చక్రపాణి తానుండే ఊరు ఇర్వింగ్ నుంచి రెండ్రోజులు డ్రైవ్ చేసుకుని, తన పాత తెల్ల పికప్‌లో బైకు వేసుకుని ఒక్కడే వచ్చాడు. వస్తామన్న ఫ్రెండ్స్ ఇద్దరూ లీవ్ దొరకలేదని ఆఖరి నిమిషంలో జారుకున్నారు. అక్కడ అతని బైకు తరగతిలో రికార్డు గంటకు నూట నలభై ఒక్క మైళ్ళు. దాన్ని కొట్టాలని నాలుగేళ్ళుగా గరాజ్‌లోనే కాపురం పెట్టాడు. పోటీకి ఇదే ఆఖరి రోజు.

"బైకు ఆగేసరికి అవతల నీ బండి ఉండాలి. రూలంటే రూలే," అన్నాడు డేల్. "పావుగంటలో మనిషిని చూపించు. లేదంటే ఇంటికెళ్ళు."

చక్రపాణి చుట్టూ చూశాడు. ఎటు చూసినా తెల్లటి ఉప్పు. ఆ తెలుపులో ఒక ఆకుపచ్చ చీర కనిపించింది. చీరలో ఉన్నావిడ వంగి, చిటికెడు ఉప్పు తీసి నాలిక మీద వేసుకుని, "ఏమండీ, ఇది ఆవకాయకి పనికిరాదు," అంటోంది.

చక్రపాణి ఒక్క పరుగున వెళ్ళాడు. "ఆంటీ! తెలుగువాళ్ళా?"

"ఆవకాయ గురించి ఇంకెవరు మాట్లాడతారు నాయనా?"

ఆవిడ పేరు వసుమతి. పక్కన టోపీ పెట్టుకున్నాయన భర్త ఈశ్వరయ్య, నరసరావుపేట డిపోలో పల్లెవెలుగు బస్సు నడిపి రిటైరయ్యాడు. కూతురు రేణు పిల్లల్ని కార్లో ఏసీ వేసి పడుకోబెడుతుంటే, వీళ్ళిద్దరూ వింత చూద్దామని ఇటొచ్చారు.

చక్రపాణి గబగబా సంగతి చెప్పాడు. "అంకుల్, నా బైకు కాస్త తోసి, తర్వాత నా పికప్‌లో ట్రాక్ పక్క దారి పట్టుకుని అవతలికి రండి. నేను ఆగేసరికి మీరక్కడ ఉండాలి. అంతే."

"నువ్వు ఆగేసరికా?"

"అవునంకుల్, అది రూలు."

"ముప్పై ఒక్కేళ్ళు బస్సు నడిపాను బాబూ. లేటని ఒక్క రోజు మాట పడలేదు," అంటూ ఈశ్వరయ్య పికప్ తలుపు తీసి దర్జాగా ఎక్కి కూర్చున్నాడు. రెండు చేతులూ గాల్లో తడిమాడు. "ఇదేంటయ్యా, స్టీరింగు ఎవడో పీక్కుపోయాడు!"

"ఇక్కడ అది అటువైపు ఉంటుంది అంకుల్."

లైసెన్స్ ఏదని డేల్ అడిగాడు. ఈశ్వరయ్య తన హెవీ లైసెన్సు తీసిచ్చాడు. డేల్ దాన్ని తలకిందులుగా పట్టుకుని రెండు నిమిషాలు చదివి, "ఓకే," అన్నాడు.

ఈశ్వరయ్య బైకు తోశాడు. ఇంజను అందుకుంది. వసుమతి పికప్ వెనక తొట్టిలోకెక్కి, టపటపా రేకు మీద చరిచి అరిచింది. "రైట్ రైట్!"

చక్రపాణి ట్యాంకు మీద బోర్లా పడుకున్నాడు. వంద మైళ్ళు దాటాడు. నూట ఇరవై. హెల్మెట్ లోపల బుగ్గలు చెవుల దాకా జరిగాయి. అయినా మనసులో ఒకటే బెంగ. పెద్దాయన దారి తప్పితే? అసలే ఆ పికప్ డెబ్భై దాటితే మలేరియా వచ్చినట్టు వణుకుతుంది. అదెప్పటికి వచ్చేను?

అంతలో కుడిపక్క దారిలో తెల్లగా ఏదో సర్రుమని అతన్ని దాటిపోయింది. వెనక ఆకుపచ్చగా ఏదో రెపరెపలాడింది. ఎండమావి అనుకున్నాడు. కాసేపటికి అది వెనకబడింది. మళ్ళీ దాటింది. మళ్ళీ వెనకబడింది. అలా మూడుసార్లు వెనకబడి, నాలుగుసార్లు దాటింది. ఎండమావులకి ఇంత పంతం ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలీదు.

ట్రాక్ చివర బైకు ఆపి హెల్మెట్ తీశాడు. పికప్ అక్కడే ఉంది. ఈశ్వరయ్య బంపర్‌కి ఆనుకుని చేగోడీలు నములుతున్నాడు.

"నూట నలభై మూడు! రికార్డ్!" అని రేడియో పట్టుకున్న మనిషి అరుస్తున్నాడు. చక్రపాణికి వినబడితేగా!

"అంకుల్, నా కంటే ముందెలా వచ్చారు?"

"నువ్వు ఆగేసరికి ఉండమన్నావుగా."

"ఎంత స్పీడులో వచ్చారు?"

"మీటరు చూసే తీరికేదీ? దారి పొడుగునా చెయ్యెత్తేవాళ్ళేనాయె. చెయ్యెత్తినచోట ఆపకపోతే నేనేం డ్రైవర్ని?"

"ఇక్కడ ఎవరు చెయ్యెత్తారు అంకుల్?"

వసుమతి తొట్టిలోకి చూపించింది. స్పీడు తగ్గించమని ఎర్రజెండాలు ఊపిన ముగ్గురు ట్రాక్ ఆఫీసర్లు, కనుబొమ్మల దాకా ఉప్పు కొట్టుకుపోయి, వరసగా కూర్చుని ఉన్నారు. తలా ఒక చేగోడీ చేతిలో ఉంది.

"మూడు చోట్ల ఆగాల్సొచ్చింది నాయనా, లేకపోతే ఇంకా ముందే వచ్చేవాళ్ళం," అంది వసుమతి నొచ్చుకుంటూ. "ఈ లావుపాటాయన మరీ మొహమాటపడ్డాడు. నేనే చెయ్యి పట్టి పైకి లాగాను."

చక్రపాణి వాళ్ళ చంకల్లోని జెండాల వంక చూశాడు. ఇప్పుడు వీళ్ళలో ఒక్కరు తన పరుగు మీద జెండా ఎత్తినా రికార్డు రద్దు. నాలుగేళ్ళ కష్టం ఉప్పుపాలే.

"తిరిగి పోతున్నాం, ఎక్కేవాళ్ళుంటే ఎక్కండి!" అని కేకేశాడు ఈశ్వరయ్య.

లావుపాటాయన దిగ్గున లేచాడు. చుట్టూ మూగిన జనాన్ని ఓసారి చూశాడు. చంకలోని ఎర్రజెండా తీసి విప్పాడు. చక్రపాణి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆయన ఆ జెండాని తన పక్కన ఖాళీగా ఉన్న చోట నీటుగా పరిచి, అందరికీ వినబడేలా అరిచాడు.

"ఇక్కడెవరూ కూర్చోకండి! మా ఆవిడ వస్తుంది!"