హీటరులో ఉప్పు టీ

గుడగుడ... గుడగుడ...

డాష్‌బోర్డు లోపల ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు చప్పుడు. ఆ వెంటనే మొహాన మంచుగాలి.

“మళ్ళీ చల్లగాలే!” తుమెన్ పిడికిలితో హీటరును గుద్దాడు.

వెనుక సీట్లో అతని భార్య ఉయాంగా పసిపాపను గొర్రెతోలు కోటులోకి ఇంకా లోపలికి పొదువుకుంది. పాప ఊపిరి ఈలలా వినిపిస్తోంది. నిమ్ము చేసిందనీ, చీకటి పడేలోగా పెద్దాసుపత్రికి చేర్చమనీ ఊరి నర్సు చెప్పింది.

“గుద్దితే వేడి పుడుతుందా? పాప చేతులు చల్లబడుతున్నాయి. ఎక్కడైనా ఆపు.”

“ఎక్కడ ఆపను? ఈ కనుమ మీదా? మా నాన్న ఆగాడుగా, చాలు!”

అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది. ఒక చేత్తో గీకుతూ, ఒక చేత్తో తోలుతూ కనుమ ఎక్కాడు.

పైన ఒకే ఒక ఉన్ని గుడారం. దాని ముందు, దారికి అడ్డంగా, చేతిలో పానాతో ఒక ముసలాయన.

“అమ్మా, పాపను తీసుకుని లోపలికి పో. పొయ్యి రగులుతోంది. తమ్ముడూ, నువ్వు బానెట్ తియ్యి.”

“నిన్నెవరు పిలిచారు?”

“నీ బండే పిలిచింది. గుడగుడ ఇంతదూరం వినబడుతోంది.”

ఇంజను మీద కప్పిన బొంతను తొలగించి, ముసలాయన చేతి తొడుగులు విప్పాడు. హీటరుకు పోయే రెండు గొట్టాలను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఇది కాలుతోంది. ఇది మంచుగడ్డ. వేడినీళ్ళు లోపలికి పోతున్నాయి, బయటికి రావట్లేదు. ఇంజను ఆపు.”

“ఆపను! ఈ చలిలో ఆపితే మళ్ళీ అంటుకుంటుందా? నీ తాత వచ్చి అంటిస్తాడా?”

“మా తాతకు గుర్రం తోలడమే వచ్చు. నేను అంటిస్తాను. ఆపు.”

తుమెన్ పళ్ళు కొరుకుతూ ఆపాడు.

ముసలాయన గొట్టాలు ఊడదీశాడు. గుడారంలోంచి కెటిల్ తెచ్చి, నీళ్ళు బయటికి రావలసిన గొట్టం నుంచి లోపలికి వేడినీళ్ళు పోశాడు. నోటితో ఊదాడు. ఏమీ రాలేదు. బుగ్గలు ఎర్రబడేలా మళ్ళీ ఊదాడు.

మంచు మీద గోధుమరంగు ముద్దలు పడ్డాయి. ఆయన ఒకటి తీసి వాసన చూశాడు.

“ఇదేంటి తమ్ముడూ, హీటరులో పెరుగు తోడు పెట్టావా?”

తుమెన్ మొహం కందిపోయింది. “ఆకులు రాలేటప్పుడు రేడియేటరు కారిపోయింది. చుట్టుపక్కల చుక్క నీళ్ళు లేవు. ఫ్లాస్కులో టీ ఉంటే పోశాను.”

“పాలూ ఉప్పూ వేసిన టీయేనా?”

“టీ అంటే ఇంకేముంటుంది?”

“నిజమే. నేనూ పోశానొకప్పుడు.” ముసలాయన నవ్వాడు. “ఎవరి అబ్బాయివి నువ్వు?”

“దగ్వా కొడుకుని.”

నవ్వు ఆగింది. తుమెన్ అది గమనించలేదు. అప్పటికే అతని కోపం కట్ట తెంచుకుంది.

“ఇక్కడే బండి చెడి, చలికి బిగుసుకుపోయి చనిపోయాడు మా నాన్న. చెయ్యి ఊపుతూ నిలబడ్డ మనిషిని చూసి కూడా ఒక లారీవాడు ఆగకుండా పోయాడు. దారిలో మనిషి నిలబడితే ఆగనివాణ్ణి మనిషంటారా? తర్వాత వాడే వచ్చి మా అమ్మ ముందు ఏడ్చాడట. ఎవడిక్కావాలి వాడి ఏడుపు! వాడి పేరు తెలుసు, మొహం చూడలేదంతే. చూసిన రోజు నా కారులో ఉన్న పానాతోనే తల పగలగొడతా!”

“ఆగి ఉండాల్సింది,” అన్నాడు ముసలాయన.

మళ్ళీ వంగి ఊదాడు. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఊదుతూనే ఉన్నాడు.

గొట్టాలు బిగించాడు. చలికి గడ్డకట్టని మందు కలిపిన నీళ్ళు తన డబ్బాలోంచి పోశాడు. కారు ముక్కు పైకి ఉండేలా ఎత్తుమీద నిలబెట్టించి ఇంజను అంటించాడు. గొట్టాలను పిసికి పిసికి లోపలి గాలంతా తరిమాడు.

గుడగుడ ఆగింది. గోరువెచ్చని గాలి వచ్చింది. తరువాత వేడిగాలి.

ఉయాంగా పాపను తెచ్చి ముందు సీట్లో కూర్చుంది. “చల్లగా ఉండు పెద్దయ్యా!”

తుమెన్ తగ్గాడు. రొమ్ము జేబులోంచి నశ్యం డబ్బీ తీసి, పెద్దలకు ఇచ్చే తీరున కుడిచేతిలో పెట్టి చాచాడు.

ముసలాయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“పోండి. పొద్దు వాలుతోంది.”

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తుమెన్ డబ్బీని జేబులో కుక్కుకుని, తలుపు ధడాలున వేసి, కారును దూకించాడు.

“చూశావా? ముట్టుకోలేదు! మొహాన ఉమ్మేసినా ఇంతకంటే నయం!”

“పాప ఊపిరి విను. కాస్త నెమ్మదించింది.”

“విన్నాను. అయినా ముట్టుకోలేదు!”

కనుమ దిగువన పెట్రోలు బంకులో ఆగారు.

“అద్దాలు తేటగా ఉన్నాయే! కనుమ తాత బాగుచేశాడా?” అంది పెట్రోలు పోసే ఆమె.

“చేశాడు. పొగరుబోతు. నశ్యం ఇస్తే ముట్టుకోలేదు.”

ఆమె వింతగా చూసింది. “అందరి దగ్గరా తీసుకుంటాడే! ఒక్క ఇంటివాళ్ళ డబ్బీ ముట్టే అర్హత మాత్రం తనకు లేదంటాడు. ఒకప్పుడు లారీ తోలేవాడట. ఆ ఇంటి మనిషి చెయ్యి ఊపితే ఆగలేదట. ఆ ఏడే లారీ వదిలేసి పైన గుడారం వేశాడు. చలికాలమంతా అక్కడే. ఆయన వచ్చాక ఆ కనుమ మీద ఒక్క ప్రాణమూ పోలేదు.”

తుమెన్ డాష్‌బోర్డు కింద ఉన్న తన పానా కోసం చెయ్యి చాచాడు. సగంలో ఆ చెయ్యి హీటరు ముందు ఆగిపోయింది. కోపం అలాగే ఉంది, వేళ్ళు వెచ్చబడుతున్నాయి.

“పేరడిగితే మాకెవరికీ చెప్పడు,” అందామె. “నీకేమైనా చెప్పాడా?”

తల్లి ఒడిలో నిద్రపోతున్న కూతుర్ని చూస్తూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తుమెన్ ఆ పేరు పైకి పలికాడు.

“జంబాల్.”