రెండో చిప్ప

“అది తాగడానికి కాదు, పరీక్షకు,” అన్నాడు ఎమోసి. వరానీ అప్పటికే కావా మొక్క వేళ్లను ఇనుపరోట్లో వేసి దంచుతున్నాడు.

తప్పు ఎమోసిదే. రాజధాని సువాలో పుట్టి పెరిగినవాడు, దంచి నీళ్లలో కలిపి తాగే కావా వేళ్ల కట్టను రెండు చేతులా పట్టుకొచ్చి, తలవంచి ఎదుటివాళ్ల ముందు పెట్టాడు. అలా పెట్టినదాన్ని ఫిజీలో నమూనా అనరు, కానుక అంటారు. పరీక్షాశాల సహాయకుడైన వరానీ అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టి, పెద్దలను తలచుకుని కట్ట విప్పాడు. సైన్సయినా సరే, మర్యాద తప్పకూడదు కదా.

డాక్టర్ లితియా తెల్లకోటుతోనే వచ్చి చాప మీద కూర్చుంది. సిడ్నీలో ఆరోగ్యమాత్రలుగా మారబోయే కావా పొడికి ఆమె సంతకం కావాలి. ఎమోసి పొడిలో కాలేయానికి చేటు చేసే కాండం తొక్క కలిసిందని ఆమె అనుమానం. సంతకం లేకపోతే రేపటి ఓడ ఎమోసి సరుకు లేకుండానే వెళ్తుంది, అతని ఎగుమతి లైసెన్సూ దానితోపాటే పోతుంది.

అతని బస్తాల్లో వేరెంతో, తొక్కెంతో అతనికీ అతని పిండిమరకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు. అందుకే నమూనా కోసం పొద్దున్నే బజారంతా వెతికాడు. తండ్రి అంత్యక్రియలకు కూడా ఇంత మేలైన వేళ్లు కొనలేదు.

కొబ్బరిచిప్ప అందరి చేతులూ తిరిగింది. ఎమోసీ తాగాడు.

“నిఖార్సయిన సరుకు బావా. నీ దగ్గర ఇలాంటిది ఉందంటే నమ్మలేకపోతున్నా,” అన్నాడు వరానీ.

నమూనా తాగేశామని దిగులు పడొద్దని లితియా ఓదార్చింది. పోయిన తుఫానుకు పరీక్షించే యంత్రం ఎలాగూ పాడైందట. బాగుచేసే నిపుణులు విదేశం నుంచి సానుభూతి మాత్రం క్రమం తప్పకుండా పంపుతున్నారట. ఎమోసి ప్రాణం కుదుటపడింది.

“అందుకే పొద్దున్న మీ గోదాము నుంచి ఓ సంచి తెప్పించాను. నాలుకతోనే తేలుద్దాం,” అంది ఆమె.

వరానీ అల్మరా వెనక్కి వెళ్లి మళ్లీ కలుపుకొచ్చాడు. చిప్ప నింపి ఎమోసి ముందు పట్టాడు.

“సరుకు నీది. మొదటి గుక్కా నీదే.”

ఎమోసి ఒక్కసారి చేతులు చరిచి చిప్ప అందుకున్నాడు. ఇందాకటి కంటే రంగు ముదురుగా కనిపించింది. చేదువాసన ముక్కుకి తగిలినట్టయింది. ఏళ్లుగా ఊరూపేరూ తెలియని కాలేయాలకు ఎగుమతి చేసినవాడికి, తనకూ ఒకటుందని పక్కటెముకల కింద మొదటిసారి తెలిసొచ్చింది.

“డాక్టరు వద్దన్నాడు,” అన్నాడు.

“ఏ డాక్టరు? ఇప్పుడేగా తాగావు,” అన్నాడు వరానీ.

ఎమోసి చిప్పను పెదాల దాకా తెచ్చి ఆపాడు.

“అందులో తొక్క కలిపాను డాక్టరమ్మా,” అని చిప్ప కింద పెట్టేశాడు ఎమోసి.

లితియా లేచి, గోదాముకు తాళం వేయించమని ఎవరికో ఫోను చేసింది.

వరానీ ఆ చిప్ప ఎత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకుని మూడు చప్పట్లు కొట్టాడు.

“గోదాముకు మేమింకా వెళ్లనే లేదు బావా. ఇదీ నువ్వు తెచ్చిన కట్టలో మిగిలినదే.”