గెలిచినవాళ్లకి పుడింగు

సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, పుడింగు గిన్నె బల్ల మధ్యలో పెట్టి నర్సు టెస్సా గొంతు సవరించుకుంది.

“యజమాని అంత్యక్రియల్లో బూతులు లంకించుకుందని చిలకను బయటికి పంపేశారట. ఏ ప్రెసిడెంటు చిలక అది?”

“జాక్సన్‌ది,” అన్నారు ప్రెసిడెంటు గారు వెంటనే.

“పొద్దున్నే నదిలో బట్టల్లేకుండా ఈతకొట్టిందెవరు?”

“ఆడమ్స్. తండ్రి కాదు, కొడుకు.”

“నోట్లో పుండును ఎవరికీ తెలియకుండా పడవలో కోయించుకున్నది?”

“క్లీవ్‌లాండ్. పంటినొప్పి అని చెప్పారు, జనం నమ్మారు. జనం ఏదైనా నమ్ముతారమ్మా.”

హాలంతా నవ్వింది. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ వృద్ధాశ్రమంలో సోమవారం ఆట అదొక్కటే. అమెరికా ప్రెసిడెంట్ల గురించి ఎవరికీ పెద్దగా తెలియని సంగతులు టెస్సా అడుగుతుంది, ఆయన చెప్తారు. పొద్దున ఏం తిన్నారో ఆయనకు గుర్తుండదు. భార్య పోయిందని ఎన్నిసార్లు చెప్పినా అప్పుడే విన్నట్టు ఏడుస్తారు. పాత ప్రెసిడెంట్ల సంగతులు మాత్రం కంఠతా వచ్చు.

కొత్త ప్రెసిడెంట్ల జోలికి టెస్సా పోదు. అన్నాల దగ్గర రాజకీయాలు మాట్లాడకూడదని ఆశ్రమంలో కట్టడి ఉంది. గోడ మీది ప్రెసిడెంట్ల ఫోటోల్లో కూడా చివరి వరసలో ఒక మేకు ఖాళీ. ఆ ఫోటోలోని మనిషి తనవైపే గుడ్లురిమి చూస్తున్నాడని ప్రెసిడెంటు గారు అన్నం మానేస్తే తీసేయాల్సి వచ్చింది. మతి తప్పినవాళ్లతో ఏం వాదిస్తాం.

మనిషి మాత్రం మహా కలుపుగోలు. ప్రతి కుర్చీ దగ్గరా ఆగి, రెండు చేతులతో చెయ్యి పట్టుకుని పేరు అడుగుతారు. పక్క కుర్చీకి వెళ్లేసరికి ఆ పేరు మర్చిపోతారు. “పోటీకి ఎవరూ లేరుగా ప్రెసిడెంటు గారూ, ఇంకా ఎన్ని ఓట్లు కావాలి మీకు?” అని బర్ల్ ముసలాయన ఆటపట్టిస్తాడు. నల్లకోట్ల కుర్రాళ్లిద్దరు ఎప్పుడూ ఆయన వెన్నంటే ఉంటారు, స్నానాల గది బయట కూడా. తన పిల్లలు క్రిస్మస్‌కి కూడా రారని, ఈయనకెంత అదృష్టమో అని బర్ల్ కుళ్లుకుంటాడు.

ఆ రోజు ఆటలోకి వెర్లీన్ కొత్తగా వచ్చింది. తుంటి విరిగి, చక్రాల కుర్చీలో ఈమధ్యే ఆశ్రమంలో చేరింది. ఇంటి దగ్గరే మంచి ఆశ్రమం ఉన్నా, పట్టుబట్టి ఇంత దూరం వచ్చింది. కూతురికి అది ఇప్పటికీ కోపమే.

వెర్లీన్‌కి ఒక్కడే కొడుకు, రాడ్నీ. దీవుల యుద్ధంలో పోయాడు. శవపేటిక తెరవొద్దన్నారు. ఆ యుద్ధానికి సాకైన మన ఓడను ముంచింది శత్రువు కాదని, అందులోని మన మందుగుండే పేలిందని తర్వాత ఎప్పటికో బయటపడింది. పంపినవాడి నోటి నుంచి, తప్పు నాదే అన్న ఒక్క మాట వింటే చాలని వెర్లీన్ అనేది. ఆ మాట వినకుండా చావను కూడా చావనని అనేది. పెద్దవాళ్లు అలాంటి మాటలు అనరమ్మా అని కూతురు విసుక్కునేది.

టెస్సా ప్రశ్నలు అయిపోయాయి. “ఈ వారం గెలిచిందెవరు?” అంది.

“మీరే, ప్రెసిడెంటు గారూ,” అన్నారందరూ ఎప్పటిలాగే. ఆయన చిన్నపిల్లాడిలా మెరిసిపోయి పుడింగు కోసం చెయ్యి చాపారు.

వెర్లీన్ గిన్నెను తన వైపు లాక్కుంది.

“నేనొకటి అడుగుతాను. దానికీ చెప్తేనే పుడింగు.”

టెస్సా వద్దన్నట్టు తల ఊపింది. వెర్లీన్ ఆమె వైపు చూడలేదు.

“ఓడ దానంతటదే పేలిందని ఒక ప్రెసిడెంటుకి ముందే తెలుసు. తెలిసీ, ఎన్నికలు దగ్గరపడ్డాయని నోరు మూసుకుని, రెండో విడత కుర్రాళ్లను కూడా యుద్ధానికి పంపాడు. అందులో మావాడొకడు. పందొమ్మిదేళ్లు. ఎవరా ప్రెసిడెంటు?”

నల్లకోట్ల కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ప్రెసిడెంటు గారు కళ్లు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నారు. పోల్క్ అన్నారు, మళ్లీ తనే కాదన్నారు. మెకిన్లీ అన్నారు, తల అడ్డంగా ఊపారు. గోడ మీది ఫోటోలన్నీ వరసగా చూసి, ఖాళీ మేకు దగ్గర కాస్త ఆగి, మళ్లీ మొదటికి వచ్చారు. ఆ ఒక్కటీ దొరకలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

లేచి వచ్చి వెర్లీన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

“పందొమ్మిదేళ్లా?” అన్నారు. “ఏం పేరమ్మా?”

“రాడ్నీ.”

“రాడ్నీ,” అన్నారాయన. “వాడెవడో గానీ, మనిషి కాడు. వాణ్ణి మాత్రం క్షమించకు తల్లీ. వాడు వచ్చి కాళ్ల మీద పడ్డా క్షమించకు.”

ఆమె ఇన్నేళ్లుగా ఊహించుకున్న మాట అది కాదు. చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది, తీసుకోలేకపోయింది. ఆ కళ్లలోకి ఎంత చూసినా దుఃఖమే తప్ప తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

“నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా,” అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. “జవాబు చెప్పమ్మా. ఎవరు వాడు?”

“మీరే, ప్రెసిడెంటు గారూ,” అంది వెర్లీన్, ఆయన మొహం విప్పారింది, ఈ వారం కూడా తనే గెలిచానని మురిసిపోతూ పుడింగు కోసం చెయ్యి చాపారు.