అమ్మ ఒప్పుకుంది

తలుపు మళ్లీ దబదబా మోగింది. గ్యారేజీలో ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ మీద దుప్పటి కప్పుతున్న డెక్లన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. అసలు చప్పుడే చేయని బండి అది. కానీ ఫుట్‌పాత్ మీద ముసలాయన పడ్డ చప్పుడు మాత్రం వాడి చెవుల్లోంచి పోవడం లేదు.

"ఏం చేసొచ్చావురా?" గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది వాళ్లమ్మ మార్లా.

"గుద్దేశానమ్మా! కావాలని కాదు. భయమేసి ఆగకుండా వచ్చేశా."

"మీ నాన్న ఆ దిక్కుమాలిన బండి పంపిన రోజే చెప్పానా లేదా? పదహారేళ్లొచ్చి, లైసెన్సు తీసుకునేదాకా ముట్టుకోవద్దని! తాళం కూడా దాచానే!"

"ఓట్స్ డబ్బాలోనేగా. ఎప్పుడో చూశా."

తలుపు ఇంకోసారి మోగింది. మార్లా వెళ్లి తలుపు తీసింది, డెక్లన్ ఆమె వెనకే వచ్చాడు. గుమ్మంలో ఇద్దరు పోలీసులు.

"పెద్దాయనకి తుంటి విరిగింది," అన్నాడు వాళ్లలో పెద్దవాడు, డెక్లన్ వంక చూస్తూ. "నీ వయసెంత బాబూ?"

"ప... పద్నాలుగు."

"బండి మీ అమ్మకి తెలిసే తీశావా, తెలియకుండానా?"

 డెక్లన్‌కి జైలు, కటకటాలు కళ్ల ముందు తిరిగాయి. అంతలో ఒక దారి తోచింది. బడిలో కొండెక్కే ట్రిప్పుకైనా, సముద్రంలో ఈతకైనా అమ్మ సంతకం ఉంటే ఎవరూ నోరెత్తరు.

"తెలిసే సార్! అమ్మ ఒప్పుకుంది."

పోలీసు మార్లా వైపు తిరిగాడు. "నిజమేనా మేడమ్? బాగా ఆలోచించుకుని చెప్పండి."

అవునను అమ్మా, అవునను అని కళ్లతోనే బతిమాలాడు డెక్లన్.

మార్లా కొడుకు మొహంలోకి చూసింది. గరిటె బల్ల మీద పెట్టి, గుమ్మం పక్కనున్న చెప్పులు వేసుకుంది.

"పొయ్యి కట్టేసి, పిన్నికి ఫోన్ చేసి రమ్మను నాన్నా," అంది మెల్లగా. తర్వాత పోలీసుతో, "అవునండీ. నేనే నడపమన్నాను."

డెక్లన్‌కి ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఒక్క మాటతో గట్టెక్కించేసింది!

"లైసెన్సు లేని పిల్లాడి చేతికి మోటార్‌సైకిల్ ఇచ్చిన వాళ్లదే నేరం మేడమ్," అంటూ పోలీసు బేడీలు తీసి అమ్మ చేతులకి వేశాడు.