నల్లపెట్ట పెట్టిన గంటు

ఒక పెరట్లో శంఖుపుష్పం గింజ ఒకటి పడి ఉండేది. దాని పెంకు ఎంత గట్టిదంటే, మూడు వానలు కురిసినా లోపలికి చుక్క నీరు దిగలేదు. ఒకనాడు నల్లకోడిపెట్ట వచ్చి ఠపీమని పొడిచింది. పెంకుకు గంటు పడింది గానీ గింజ పగల్లేదు. "ఛీ, రాయి!" అని విదిలించేసి పోయింది. గింజ కుయ్యోమంది.

మర్నాటి వాన ఆ గంటులోంచే లోపలికి దిగింది. గింజ ఉబ్బింది, మొలిచింది, కోళ్లగూటి మీదికి పాకింది. నెలలు గడిచినా నీలిపూలు ఆగలేదు. ఎండల్లో ఆ నీడన పొదుగుతున్న పెట్ట మీద తీగ రోజూ ఒక పువ్వు రాల్చేది.

"నాకెందుకే ఇవి?"

"నాకు గంటు పెట్టింది నువ్వే కదా, పెట్టత్తా!"

పెట్ట సిగ్గుపడింది. "ఓసి పిచ్చిదానా, నిన్ను మింగేద్దామనే పొడిచానే!"

"తెలుసు. అయినా నా తలుపు తట్టింది నువ్వొక్కదానివే" అంటూ తీగ ఇంకో పువ్వు రాల్చింది.