మొదటి కొమ్మ

"ఏవండీ, ఆ కుర్చీలు మేడంగారి చుట్టాలవండీ."

పెద్దాయన వెంటనే లేచాడు.

"మీరు మేడంగారికి ఏమవుతారండీ?" సభ ఏర్పాట్లు చూస్తున్న అబ్బాయిరాజు మర్యాదగానే అడిగాడు.

"ఏమీ కానండి. ఆవిడ పుస్తకం చదివాను. నా పేరు బుచ్చిబాబండి, గూడెం నుంచి వచ్చాను."

"చాలా సంతోషమండి. అలా వెనక కూర్చోండి."

మన సన్మాన సభల్లో ముందు వరుస చుట్టాలది, రెండోది చందాలిచ్చినవాళ్ళది. పుస్తకం చదివినవాళ్ళకు ఎక్కడైనా వెనక బెంచీయే.

ఏలూరు పక్కనే ఉన్న వట్లూరు కాలేజీలో ఆ రోజు మానవశాస్త్రం ప్రొఫెసర్ విజయదుర్గకు సన్మానం. వల ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో కొల్లేటి జాలర్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాట్ల మీద, లంక గ్రామాల్లో కాపురం ఉండి మరీ ఆవిడ రాసిన పుస్తకం ఇవాళ దేశదేశాల్లో పాఠం. ఏలూరు వాళ్ళకు ఆ సభ సొంతింట్లో పెళ్ళంత గొప్ప.

ఆవిడకు మాత్రం ఒకటే కోరిక.

"పుస్తకం వచ్చిన కొత్తలో ఎవరూ పట్టించుకోలేదు రమణీ. మొట్టమొదట దాని గురించి రాసిందెవరో కనుక్కో. బతికుంటే దండం పెట్టుకోవాలి" అని కాలేజీ లైబ్రేరియన్ రమణికి చెప్పింది.

రమణి నెలల తరబడి వెతికింది. ఏ పరిశోధకుడు ఏ వ్యాసం చదివి ఆ పుస్తకం దాకా వచ్చాడో లెక్క తీసి, చెట్టు బొమ్మగా తెర మీద చూపించింది.

"మొదలు మేడంగారి పుస్తకమండి. ఈ కొమ్మలన్నీ దాన్ని ఆధారం చేసుకున్న పరిశోధనలు. ఎటు పట్టుకుని వెనక్కి వెళ్ళినా ఈ ఒక్క కొమ్మ దగ్గరికే వస్తాం. ఇదొక పాత పత్రికలో వ్యాసం. కంప్యూటర్లో రచయిత పేరు లేదు. ఆ సంచిక ఒక లైబ్రరీలో దొరికింది, ఫొటో ఇవాళే పంపుతామన్నారు."

హాలు చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది వెనక బెంచీ పెద్దాయన.

టీ విరామంలో ఆయన రమణి దగ్గరకొచ్చాడు.

"అమ్మా, ఈవిడకంటే ముందు కొల్లేటి మీద రాసినవాళ్ళ సంగతేంటి?"

"పేరు గుర్తు రావట్లేదు గానీ, ఒకాయన రాసినవి ఉన్నాయండి. జాలర్లకు కట్టుబాట్లే లేవని రాశారు. ఒకప్పుడు కొల్లేటి మీద ఆయన మాటే మాటట. ఇప్పుడెవరూ ఆ పేరెత్తడం లేదు."

"అసలెవరూనా?"

"ఎవరూ ఎత్తరండి."

"మంచి మాట చెప్పారమ్మా." ఆయన ముఖం వెలిగిపోయింది. "ప్యాసింజరుకు టైమవుతోంది. వెళ్ళొస్తాను."

"భోజనం చేసి వెళ్ళండి."

"కడుపు నిండిపోయిందమ్మా."

విజయదుర్గకు శాలువా కప్పుతుండగా రమణి ఫోన్‌కు ఫొటో వచ్చింది. అది చూస్తూనే గబగబా వేదిక ఎక్కింది.

"మేడం, పేరు దొరికింది. తాళ్ళూరి బుచ్చిబాబు, తాడేపల్లిగూడెం."

శాలువా సర్దుకుంటున్న విజయదుర్గ చెయ్యి ఆగిపోయింది.

"పొరపాటేదో ఉంటుంది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు గానీ, నా పుస్తకమంతా ఆయన రాసినదాని మీద పోట్లాటేనమ్మా."

పక్కనున్న అబ్బాయిరాజు గతుక్కుమన్నాడు.

"గూడెం బుచ్చిబాబుగారాండీ? ఆయన్ని నేనే వెనక్కి పంపానండి."

వెనక బెంచీలో కనబడకపోయేసరికి గేటు దాకా పరుగెత్తాడు. స్టేషనుకెళ్ళే ఆటో అప్పటికే కనుమరుగైంది.

అతను ఒక్కడే తిరిగి రావడం చూసి విజయదుర్గ కళ్ళు తుడుచుకుంది. మైకు తీసి రమణి చేతికిచ్చింది.

"ఏం రాశారో అందరికీ వినపడేలా చదువు." ఆవిడ తల ఎత్తే ఉంది.

రమణి చదివింది: "కొల్లేటి గురించి నేను ఇంతవరకు రాసినదంతా తప్పని ఈ అమ్మాయి పుస్తకం చదివాక తెలిసింది, ఇకమీదట విద్యార్థులు నన్ను వదిలేసి ఈమెను చదవాలి."