కర్రలకు తగిలించిన మాస్కులు

నాచారంలో మూతబడ్డ ఫ్యాక్టరీ షెడ్డులో ఆ రాత్రి ఓ పాత గ్రీకు విషాద నాటకాన్ని నేటి బట్టల్లో ఆడారు. భర్త సామ్యేల్ పోయాక ఎస్తేరమ్మ ఒంటరిగా నాటకానికి రావడం అదే మొదలు. ముప్పై ఏళ్లు ఆయన పక్కనే కూర్చుని చూసింది.

వేదిక మీద రాణి తన కొడుకు శవం మీద పడి ఏడ్చింది. తర్వాత అంతా నిశ్శబ్దం. వేదిక అంచున వరుసగా నిలిచిన మాస్కుల్లో ఒకటి మెల్లగా అంది:

“చెప్పులు ఇడువు ఎస్తేరు, కాళ్లు వాస్తయ్.”

ప్రతి నాటకంలోనూ సామ్యేల్ ఆమె చెవిలో అనే మాట అది. ఆమె చెప్పులు విడిచింది.

ఆట అయ్యాక ఎస్తేరమ్మ దర్శకురాలైన ధనశ్రీని అడిగింది.

“మాస్కుల ఎనక మాట్లాడింది ఎవరమ్మా?”

“అవి ఉత్తగ కర్రలకు తగిలించినం ఆంటీ. ఎనక ఎవ్వరు లేరు.”

ఎస్తేరమ్మ వాటివైపే చూస్తూ అడిగింది.

“రేపు గూడ ఉన్నదా బిడ్డా, ఆట?”